నాకు ఉపవాసం వద్దన్న దేవుడు

సహోదరులారా, సహోదరీలారా, సాక్ష్యం చెప్పడానికి లేచినవాళ్ళు నేను చీకటిలో ఉన్నాను అని మొదలుపెడతారు, అది పాపపు చీకటి అని మనందరికీ తెలుసు, కానీ నా చీకటి నిజం చీకటి, పొద్దు గూకడం ఆలస్యం డ్యూటీ ఎక్కినట్టు వచ్చి నా రెండు కళ్ళ మీద కూర్చునేది! అది కళ్ళ మీద నుంచి కాళ్ళ దాకా ఎలా పాకిందో, దేవుడు నన్ను ఏ దారిన బయటికి తెచ్చాడో ఈ రోజు మీకు చెప్పాలి. ఎందుకంటే అది నేను అడిగిన దారి కాదు, మా సంఘం అడిగిన దారి అసలే కాదు.

నా పేరు యాకోబు. బాప్తిస్మానికి ముందు యాకయ్య, మా పాస్టరయ్య ఎక్కువ కష్టపడకుండా చివర మాత్రం మార్చి వదిలేశారు. మాది పాలకుర్తి పక్కన పల్లె. బడిని నేను విడిచిపెట్టానా, బడే నన్ను విడిచిపెట్టిందా అన్నది ఇప్పటికీ తేలలేదు గానీ ఏడో తరగతి తర్వాత మేమిద్దరం కలుసుకోలేదు. పాలకుర్తి నుంచి పెద్దవంగర దాకా ఆటో నడిపేవాణ్ణి. యాకన్న ఆటో ఎక్కితే కిరాయి దారికే, ముచ్చట్లు ఊరికే వస్తాయి అని జనం అనేవాళ్ళు.

మొదట సాయంత్రం పూట రోడ్డు కనబడటం తగ్గింది. ఆటో లైటు పాడైందనుకుని బల్బు మార్చాను, ఇంకో బల్బు మార్చాను, మూడోసారి వెళ్తే మెకానిక్ నన్ను పైనుంచి కిందికి చూసి, "యాకన్నా, లైటుకేం కాలే. బల్బు మార్చాల్సింది ఆటోకు కాదు" అన్నాడు. నవ్వుకున్నాం ఇద్దరం. తర్వాత పక్క చూపు పోయింది. ఎదురుగా ఉన్నది కనబడుతుంది, పక్కన ఉన్నది కనబడదు, నీళ్ళ పైపులోంచి లోకాన్ని చూసినట్టు. రోడ్డు పక్కన చెయ్యి ఎత్తినవాళ్ళను వదిలేసి పోతుంటే, "యాకన్నకు గర్వమొచ్చిందిరో" అని వెనక నుంచి అరిచేవాళ్ళు. ఒకసారి బర్రె ఒకటి పక్క నుంచి వచ్చి నా ముందు నిలబడేదాకా నాకు బర్రె అనేదే లేదు, ఆ తర్వాత బర్రె తప్ప వేరే ఏమీ లేదు! దేవుని కృప, దానికీ ఏమీ కాలేదు, నాకూ ఏమీ కాలేదు. ఆ సాయంత్రం నుంచి పొద్దు ఉండగానే ఆటో ఇంటికి తెచ్చుకునేవాణ్ణి.

అప్పుడు కాళ్ళ వంతు వచ్చింది. అరికాళ్ళు మొద్దుబారి, చెప్పు జారిపోయినా తెలియక నేను ముందుకు నడుస్తుంటే నా భార్య సుగుణ ఆ చెప్పు చేతిలో పట్టుకుని వెనక వచ్చేది, చూసినవాళ్ళు కొట్టడానికి వస్తోందనుకునేవాళ్ళు! బ్రేకు మీద కాలు ఉందో లేదో వంగి చూసుకోవాల్సి వచ్చాక, మనుషుల ప్రాణాలతో ఆట ఎందుకని ఆటో మీద పట్టా కప్పేశాను. ఆ రోజు మాత్రం నాకు ఏ జోకూ రాలేదు.

దవాఖానలు తిరిగాం. వరంగల్‌లో కంటి డాక్టరు కంటి వెనక పొర ఎండిపోతోంది, దీనికి మందు లేదన్నాడు. కాళ్ళు చూసిన డాక్టరు షుగర్ ఉందా అన్నాడు, లేదు, మందు తాగుతావా అన్నాడు, లేదు, అయితే వెన్నుపూస కావచ్చు అన్నాడు. కంటి డాక్టరు కాళ్ళ వైపు చూడలేదు, కాళ్ళ డాక్టరు కళ్ళ వైపు చూడలేదు, ఈ రెండు జబ్బులూ ఒకే మనిషిలో కాపురం ఉంటూ ఒకదాని మొహం ఒకటి ఎరగవా అని నాకు లోపల ఒకటే కుతూహలం! కానీ అడిగితే ఎగతాళి చేస్తున్నాననుకుంటారని ఊరుకున్నాను.

ఇక మా సంఘం సంగతి చెప్పాలి. నా కోసం వాళ్ళు చేసిన ప్రార్థన ఇంకెవరికోసమూ చేసి ఉండరు. ప్రతి శుక్రవారం ఉపవాస ప్రార్థన, అందులో ముందు వరసలో నేను, మంచినీళ్ళు కూడా గొంతు తడవడానికే. సాయంత్రం ఉపవాసం విడిచే వేళకు మరియవ్వ గిన్నె పట్టుకుని వచ్చేది. మరియవ్వ మేకలు పెంచుకునే పెద్ద ముసలమ్మ, కన్న కొడుకులు లేరు, నన్ను కొడుకా అంటుంది. ఊళ్ళో ఎక్కడ మేక కోసినా కాళ్ళు నా కోసం దాచిపెట్టించి, నరాలకు బలమని పాయ కాచి, దాని మీద నెయ్యి తేలేలా పోసి, చివరి చుక్క దాకా తాగించి గానీ లేచేది కాదు.

మరి ఏం జరిగింది? శనివారం నాటికి నా కాళ్ళు ఇంకా బరువయ్యేవి! గోడ పట్టుకుని నడిచేవాణ్ణి మంచం పట్టుకుని లేచేవాణ్ణయ్యాను. సాతాను ఎదురు తిరుగుతున్నాడు, అంటే మన ప్రార్థన తగులుతోంది, ఇంకా గట్టిగా పట్టాలి అన్నారు పెద్దలు. అందుకని శుక్రవారం ఒక్కటే కాకుండా వరుసగా ఉపవాస దినాలు పెట్టారు. నేనూ ఆమేన్ అన్నాను. ఆ వరుస ముగిసిన తెల్లారి నేను మంచం దిగబోతే నా కింద కాళ్ళే లేనట్టు కుప్పకూలిపోయాను. సుగుణ, పాస్టరయ్య చెరో పక్కన పట్టుకుని కారెక్కించి హైదరాబాదులో నరాల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళారు.

ఆమె ఒక్కొక్కటే అడుగుతూ రాసుకుంటోంది. నాకు భయం వేస్తే నోరు ఆగదు. "మేడం, ఒక్క ముచ్చట అడుగుత. మా దేవునికి నా మీద ఏమన్న కోపమున్నదంటరా? శుక్రారం ఉపాసముంటే శనారం కాళ్ళు పడిపోతున్నయి" అన్నాను. డాక్టరమ్మ ముందు ఈ వేషాలేంది అన్నట్టు సుగుణ నా మోచెయ్యి గిల్లింది. డాక్టరమ్మ నవ్వలేదు. పెన్ను కింద పెట్టింది.

"మళ్ళీ చెప్పండి. ఉపవాసం ఉన్న ప్రతిసారీ ఎక్కువవుతుందా?"

"ప్రతిసారి మేడం. నేను ఎంత భక్తిగ ఉంటే గంత ఎక్కువైతది."

"మీకు వాసన తెలుస్తుందా?"

నేను నోరు తెరిచేలోపే సుగుణ అందుకుంది. "ఎన్నడు తెల్వదు మేడం. కూర మాడి ఇల్లంత పొగ అయినా పక్కన కూసొని పాటలు పాడుతడు. నన్ను నవ్విచ్చెటందుకు పరాష్కాలాడుతున్నడనుకున్న ఇన్నొద్దులు."

"చెప్పులు తీయండి."

నా రెండు కాళ్ళకూ నాలుగో వేలు పొట్టిగా, మిగతా వేళ్ళ మీద అలిగినట్టు వెనక్కి జరిగి ఉంటుంది. డాక్టరమ్మ ఆ వేలును అటూ ఇటూ తిప్పి చూసి అప్పుడు చిన్నగా నవ్వింది. సహోదరులారా, నా మొహం చూసి కూడా ఎవరూ అంత సంతోషపడలేదు! మీ అమ్మానాన్నలు ముందే చుట్టాలా అని అడిగింది. మా బాపు మా అవ్వకు సొంత మేనబావ అని చెప్పాను.

అప్పుడు ఆమె కుర్చీ దగ్గరికి జరుపుకుని చెప్పింది. ఇది రెఫ్సమ్ అనే జబ్బు కావచ్చట, ఆ పొట్టి వేలు కూడా దాని గుర్తేనట, చాలా అరుదట, తల్లి దగ్గర సగం, తండ్రి దగ్గర సగం దాగి ఉండి, రెండు సగాలూ కలిసిన బిడ్డలో బయటపడుతుందట. గడ్డిలో, ఆకుల్లో ఉన్న పచ్చదనాన్ని ఆవు, బర్రె, మేక, గొర్రె తిని నెమరు వేసినప్పుడు దానిలోంచి ఒక రకం కొవ్వు పుట్టి వాటి మాంసంలోకి, పాలలోకి, నెయ్యిలోకి చేరుతుందట. మీరందరూ తింటే మీ ఒళ్ళు దాన్ని విరగ్గొట్టి పారేస్తుంది. విరగ్గొట్టే పనివాడు నా ఒంట్లో పుట్టుకతోనే పనిలోకి రాలేదు. అది పేరుకుపోయి కంటి పొరను, నరాలను, ముక్కును మెల్లగా పాడుచేస్తుంది.

నాకు ఎక్కడ లేని ఆసక్తీ పుట్టింది. "నేనెన్నడు గడ్డి తినలే గద మేడం" అన్నాను.

"మేక తిన్నది. మేకను మీరు తిన్నారు."

"మరి పాలకూర, తోటకూర?"

"హాయిగా తినండి. మనిషి నెమరు వేయడు కాబట్టి ఆ కొవ్వు మన కడుపులో పుట్టదు. కోడి తినండి, పప్పు తినండి, అన్నం తినండి. ఉపవాసం మాత్రం వద్దు. తిండి లేకపోతే ఒళ్ళు దాచుకున్న కొవ్వును కరిగించుకుంటుంది, మీరు ఇన్నేళ్ళుగా దాచింది ఒక్కసారిగా రక్తంలో దిగుతుంది. ఇంకొన్నిసార్లు ఇలా చేస్తే కాళ్ళు పూర్తిగా పోవచ్చు, గుండెకు కూడా ప్రమాదం."

ఆ గదిలో నాకు వచ్చిన ఆలోచన మీకు చెప్పకుండా ఉండలేను. పూర్వం ఇశ్రాయేలీయులకు దేవుడు నెమరు వేసే జంతువును తినమన్నాడు, నెమరు వేయని పందిని వద్దన్నాడు. నాకేమో నెమరు వేసేదే నిషేధం, పంది తిన్నా పరవాలేదట! ఇంత పెద్ద లోకంలో ఒక్క యాకోబు కోసం చట్టం తిరగరాశాడా ఏంది అనుకున్నాను.

రక్తం ఇంకో పట్నానికి పంపారు, ఫలితం రావడానికి సమయం పడుతుందన్నారు. నాకు సెలైన్ పెట్టి, కాస్త కూర్చోగలిగాక ఇంటికి పంపారు. ఇంటికి వచ్చిన వారంలోనే శుక్రవారం వచ్చింది.

మందిరం నిండా నా కోసం ఉపవాసమున్నవాళ్ళు. పెదవులు ఎండి, కళ్ళు లోపలికి పోయి, చప్పట్లు కొట్టి పాడుతున్నారు. వాళ్ళ మధ్య నన్ను కుర్చీలో కూర్చోబెట్టారు, సుగుణ ఒడిలో టిఫిన్ డబ్బా, అందులో పప్పన్నం, ఉడికించిన గుడ్డు. పాస్టరయ్య డాక్టరమ్మ చెప్పిందంతా సంఘానికి చెప్పారు. మరియవ్వ లేచి నిలబడింది.

"నా పాయల నేనేమన్న విషం కలిపిన్నా కొడుకా?"

"నువ్వు కలపలే అవ్వా. నీ మేకలే మేసుకొచ్చినయి."

ఎవరూ నవ్వలేదు, ఆమె అసలే నవ్వలేదు. "పరీక్ష కాయితం ఇంక రానేలేదంటున్రు. రాని కాయితాన్ని నమ్మి, ఉన్న దేవుణ్ణి ఇడుస్తవా? గిందరం నీ కోసం కడుపు మాడ్చుకుంటుంటే నువ్వు మా నడుమ కూసొని తింటవా?"

సహోదరులారా, ఆమె అన్నది నా లోపల ఉన్నదే. డాక్టరమ్మ కావచ్చు అన్నది గానీ ఖాయం అనలేదు. తినకుంటే కాళ్ళు, తింటే విశ్వాసం! నేను తల వంచుకుని లోపల్లోపలే ప్రార్థించాను, ఆ ప్రార్థన ఉన్నది ఉన్నట్టు చెప్తున్నాను: "ప్రభువా, తినకుంటే కాళ్ళు పోతయట. తింటే నువ్వు పోతవేమోనని బుగులైతున్నది. కాళ్ళు లేకుండ ఎట్లనో బతుకుత గని నువ్వు లేకుండ బతుకలేను. ఏం చెయ్యాల్నో చెప్పు. జర జల్ది చెప్పు, అన్నం చల్లారుతున్నది."

పాస్టరయ్య నా కుర్చీ పక్కకు వచ్చి నేల మీద కూర్చున్నారు. మెల్లగానే అన్నారు గానీ అందరికీ వినబడింది. "అవ్వా, చచ్చిపోయిన చిన్నపిల్లను ప్రభువు చెయ్యి పట్టి లేపిండు గద. లేపినంక ఇంట్లోళ్ళకు ఏం పని చెప్పిండు? ఉపాసముండుమన్నడా? పిల్లకు ఇంత తినవెట్టుండ్రన్నడు. ప్రాణం పోసెటాయిన అన్నం సంగతి మరువలే."

మరియవ్వ చేతికర్ర మీద బరువు వేసి సుగుణ ఒళ్ళోని డబ్బా వైపు చూసింది.

"ఈయన ఉపాసం నువ్వుండు అవ్వా. ఈయన కోసం నువ్వు ఆకలికుంటే దేవుడు లెక్కల పెట్టుకోడా?"

ఆ ముసలమ్మ కర్ర పక్కన పెట్టి వచ్చి, సుగుణ ఒళ్ళోంచి డబ్బా తీసుకుని, నా ముందు కూర్చుంది. పొద్దున్నించి పచ్చి మంచినీళ్ళు ముట్టని మనిషి, పప్పన్నం కలిపి, గుడ్డు చిదిమి, ముద్ద నా నోటి దగ్గర పెట్టింది. "మింగు" అంది. "నేను సూస్తుండంగ మింగు." నేను మింగాను. ఉప్పుగా ఉంది, పప్పులో ఉప్పో నా కన్నీళ్ళ ఉప్పో తెలియదు. అంతలో వెనక నుంచి ఎవరో పాట అందుకున్నారు, ఆకలితో ఉన్న ఆ జనమంతా నేను తింటుంటే పాడారు. నా జీవితంలో పెళ్ళి భోజనం కూడా అంత పాటలతో తినలేదు! దేవునికే మహిమ!

ఆ తర్వాత ఫలితం వచ్చింది. డాక్టరమ్మ అనుమానించిన జబ్బే. హైదరాబాదులో మళ్ళీ చేర్చుకుని, నా రక్తం యంత్రంలోకి తీసి, అందులో ఆ కొవ్వు చేరిన పలచటి నీటి భాగాన్ని తీసేసి, వేరేది కలిపి మళ్ళీ ఎక్కించారు. ఇంటికి వచ్చాక పాలు బంద్, పెరుగు బంద్, నెయ్యి బంద్, మటన్ బంద్. వేళకు తిండి, జ్వరమొచ్చినా సరే తిండి మానకూడదు. సుగుణ నా మీద కాపలా కూర్చునేది. మా సంఘంలో ఆకలి వేయకపోయినా తినడమే నాకు పెట్టిన భక్తి!

నెలలు గడిచాయి. మంచం పట్టుకుని లేచేవాణ్ణి గోడ పట్టుకున్నాను, గోడ వదిలి కర్ర పట్టుకున్నాను. ఒక పొద్దున చెప్పుల్లేకుండా వాకిట్లోకి దిగానో లేదో, అరికాల్లో చురుక్కుమంది! కెవ్వుమని అరిచాను. సుగుణ పిండి చేతులతో పరుగెత్తుకొచ్చింది.

"ఏమైంది? పడ్డవా?"

"పల్లేరు కాయ గుచ్చుకున్నది!"

"గుచ్చుకుంటే నవ్వుడేందయ్యా?"

"నొస్తున్నదే! సుగుణా, నొస్తున్నది!"

ఆమె నా కాలు ఒళ్ళో పెట్టుకుని ఆ ముల్లు తీయకుండా దాన్ని చూస్తూ ఏడ్చింది, తీయవే తల్లీ నొస్తుంది అంటే ఇంకా ఏడ్చింది. ముల్లు గుచ్చుకున్నందుకు దేవుణ్ణి స్తుతించిన కుటుంబం మా జనగామ జిల్లాలో మాదొక్కటే అయి ఉంటుంది.

ఇంకొక మాట. తోడబుట్టినవాళ్ళకు కూడా పరీక్ష చేయించాలని డాక్టరమ్మ చెప్పింది. మా అక్క లచ్చవ్వ చిల్పూర్‌లో ఉంటుంది, గుట్ట మీది వెంకటేశ్వరస్వామి భక్తురాలు, నా కాళ్ళు బాగవ్వాలని ప్రతి శనివారం ఒక్కపొద్దు మొక్కుకుంది. నాకు శుక్రవారం, ఆమెకు శనివారం, ఇద్దరం ఒకరి కోసం ఒకరం ఒకే గుంతలో దిగాం! పరీక్షలో ఆమెకూ అదే జబ్బు తేలింది, సాయంత్రం చూపు తగ్గింది గానీ కాళ్ళకు ఇంకా రాలేదు. నేను వెళ్ళి చెబితే, "తమ్మీ, మీ దేవుడు తినమన్నడు. మా దేవునికి మాటిచ్చిన, నేనెట్ల తప్పాలె?" అంది. "అక్కా, నేను చెప్తే నువ్వు ఇనవు. నువ్వే పోయి ఆయన్ను అడుగు" అన్నాను. ఆమె గుట్ట ఎక్కి పూజారిని అడిగింది. జబ్బుతో ఉన్న మనిషి ఉపవాసం స్వామికి అక్కర్లేదు, తులసిమాల తెచ్చి వెయ్యి చాలు అన్నాడట ఆయన. ఇప్పుడు ఆమె శనివారం పొద్దున్నే తిని, మాల తీసుకుని, తన కాళ్ళతో తాను నడిచి వెళ్తోంది. నా అక్క కాళ్ళు నిలిచాయి, నా స్తోత్రం ఆగడం లేదు. ఆమె కోసం మీ ప్రార్థనలు అడుగుతున్నాను.

కళ్ళు వచ్చాయా అని మీరు అడుగుతారు. రాలేదు. ఉన్నది ఉన్నచోట ఆగింది, పోయింది పోయింది, వాసన కూడా రాలేదు, సుగుణ కూరలకు అది మేలే. ఆటో మళ్ళీ నడపను, దాన్ని అమ్మేశాను. పాలకుర్తి ఆటో అడ్డా మీద నిలబడి పెద్దవంగర, పెద్దవంగర అని వంతుల ప్రకారం జనాన్ని ఎక్కిస్తున్నాను, నోరు పనికొచ్చే పని దేవుడు ఇచ్చాడు. ఉపవాసం చెడ్డదని నేను చెప్పడం లేదు, ఎవరూ అలా విని వెళ్ళకండి, నా వంతు కూడా మీరే ఉండండి! నేను చెప్పేది ఒక్కటే, మనం దేవుణ్ణి ఏ దారిలో రమ్మని పట్టుబట్టామో ఆ దారిలో రాకపోతే రాలేదనుకోకండి. ఆయన డాక్టరమ్మ ప్రశ్నలో వస్తాడు, ముసలమ్మ ముద్దలో వస్తాడు, అరికాలి ముల్లులో కూడా వస్తాడు. జబ్బు ఏదో తెలియక తిరుగుతున్నవాళ్ళు ఉంటే, ప్రార్థించండి, అడగండి, సిగ్గుపడకుండా ఇంకా అడగండి, నవ్వుతారనుకున్న మాట కూడా డాక్టరుకు చెప్పండి.

ఇప్పుడు పాస్టరయ్య ప్రార్థన చేస్తారు. ప్రార్థన అవసరమున్నవాళ్ళు లేచి ముందుకు రండి. ఒక్క మనవి, వచ్చి నాకు ఎదురుగా నిలబడండి, పక్కన నిలబడితే నాకు కనబడరు. రాలేక వెనకే కూర్చున్నవాళ్ళు కూడా భయపడకండి, నా చూపే ఇరుకు, ఆయనది కాదు. ఆమేన్.